మూడు ఆవేశాల లెక్కలో మైనస్ గుర్తును ఏం చేయాలి?

బేగంబజార్ పద్దులు (రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. నాకు ఫిజిక్స్ రాదు, ముందే చెబుతున్నా. ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకాం. పంతొమ్మిదేళ్లుగా బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మొన్న ఆదివారం దాకా నాకు ఆవేశం అంటే కోపం అనే తెలుసు, ఎలక్ట్రిక్ చార్జ్ అని తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం పాప పుస్తకం విసిరికొట్టి బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది. ఏమైందే అంటే చెప్పదు. వంట అయ్యాక పుస్తకం తీసి చూశాను. ఒకే లెక్కని నాలుగుసార్లు చేసి నాలుగుసార్లు కొట్టేసింది. పెన్నుతో ఎంత గట్టిగా కొట్టిందంటే వెనక పేజీ కూడా చిరిగింది.

లెక్క ఇది. ఒక సరళరేఖ మీద ఎ, బి, సి అని మూడు బిందు ఆవేశాలు. ఎ దగ్గర ప్లస్ 2 మైక్రో కూలుంబ్‌లు (కూలుంబ్ ఆవేశానికి కొలత, మైక్రో అంటే పది లక్షలో వంతు, 10⁻⁶). అక్కడి నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో బి, దాని మీద మైనస్ 3. బి నుంచి ఇంకో 20 సెంటీమీటర్లు అదే వైపు వెళ్తే సి, దాని మీద ప్లస్ 4. బి మీద పనిచేసే ఫలిత బలం, అంటే అన్నీ కలిపాక మిగిలే బలం, ఎంత?

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగేదాకా ఈ లెక్కతోనే కూర్చున్నాను. సీటు దొరికింది, అదృష్టం. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడు ఒకటి ఉంది, దాన్నిబట్టి సూత్రం అర్థం చేసుకున్నాను. రెండు ఆవేశాలని గుణించాలి, 9 ఇంటూ 10⁹ తో గుణించాలి, దూరం వర్గంతో భాగించాలి. మొదటిసారి 0.00006 వచ్చింది. సెంటీమీటర్లని మీటర్లు చేయలేదు మరి. అది సరిచేశాను.

తర్వాత ఇలా చేశాను. ఎ, బి మధ్య ప్లస్ 2 ఇంటూ మైనస్ 3, మొత్తం లెక్క మైనస్ 0.6 న్యూటన్లు. బి, సి మధ్య మైనస్ 3 ఇంటూ ప్లస్ 4, అది మైనస్ 2.7. రెండూ కూడితే మైనస్ 3.3.

గైడు వెనక జవాబు 2.1 న్యూటన్లు, సి వైపు అని ఉంది.

పాపకి కూడా నాలుగుసార్లూ 3.3 ఏ వచ్చింది. కాలేజీలో అడిగితే "గుర్తులు వదిలెయ్, ఉత్త అంకెలు వెయ్" అన్నారట. సరే అని వదిలేస్తే 0.6, 2.7 కూడి మళ్లీ అదే 3.3. అసలు వదిలేసే మాటైతే మైనస్ 3 అని ఇవ్వడం దేనికి? మా కొట్లో నేను ఒక మైనస్ వదిలేస్తే సేటు నన్నే వదిలేస్తాడు.

తిట్టకుండా, నిదానంగా ఎవరైనా చెప్పగలరా? నాకు అర్థమైతే పాపకి నేను చెప్పుకుంటాను. కాలేజీ నుంచి రాత్రి ఎనిమిదికి వస్తుంది, అప్పుడు దానికి క్లాసు వినే ఓపిక ఉండదు. నేను చెబితే అన్నం తింటూ వింటుంది.

---

నిద్రలేని బీటెక్ (రాత్రి 11:52)

ఆంటీ, చాలా సింపుల్. మీరు వెక్టర్‌ని (దిశ కూడా ఉన్నదాన్ని) స్కేలార్ (దిశ లేని ఉత్త అంకె) లాగా కూడేశారు. గుర్తులు వదలక్కర్లేదు, యూనిట్ వెక్టర్ (దిశ మాత్రమే చెప్పే, 1 పొడవున్న బాణం) కూడా పెట్టాలి అంతే. బి మీద ఎ వల్ల బలం కావాలంటే ఎ నుంచి బి వైపు యూనిట్ వెక్టర్, అది కుడికి కాబట్టి ప్లస్ 1. మైనస్ 0.6 ఇంటూ ప్లస్ 1, మైనస్ 0.6. బి మీద సి వల్ల కావాలంటే సి నుంచి బి వైపు, అది ఎడమకి కాబట్టి మైనస్ 1. మైనస్ 2.7 ఇంటూ మైనస్ 1, ప్లస్ 2.7. కూడితే ప్లస్ 2.1. అయిపోయింది.

బోనస్ ట్రిక్: ఆవేశాలు మైక్రో కూలుంబ్‌లలో, దూరం సెంటీమీటర్లలో ఉంటే ఏదీ మార్చకండి. అంకెలు అలాగే వేసి 90తో గుణించండి, న్యూటన్లలో వస్తుంది. 2 ఇంటూ 3 ఇంటూ 90 బై 900, అంటే 0.6. 3 ఇంటూ 4 ఇంటూ 90 బై 400, అంటే 2.7. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) ఫిజిక్స్ 40 ప్రశ్నలు, ఈ పది మైనస్ ఆరులన్నీ రాసుకుంటూ కూర్చుంటే టైమ్ చాలదు.

---

నల్లకుంట రిటైర్డ్ (ఉదయం 5:35)

అమ్మా, పై అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ మీరడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. యూనిట్ వెక్టర్ ఏ వైపుకి పెట్టాలో తెలిసినవాడికి ఈ డౌటే రాదు. నేను ముప్పై నాలుగేళ్లు జూనియర్ కాలేజీల్లో ఈ పాఠమే చెప్పాను. ప్రతి ఏడూ క్లాసులో సగం మంది 3.3 దగ్గరే ఆగేవారు. ఇంకో మాట, పరీక్ష పేపర్లు నేనూ సెట్ చేశాను. 3.3ని ఆప్షన్లలో కావాలనే పెడతాం. మీ అమ్మాయికి చెప్పండి, అది తెలివితక్కువ పిల్లలు చేసే తప్పు కాదు. సూత్రాన్ని నమ్మిన పిల్లలు చేసే తప్పు.

మైనస్ 3 దేనికిచ్చారు అని అడిగారు. మంచి ప్రశ్న. ఆవేశం ముందున్న ప్లస్, మైనస్‌లు పేర్లు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టాడు. గాజుకడ్డీని పట్టుబట్టతో రుద్దితే దానికి వచ్చేది ప్లస్ అన్నాడు. ఎలక్ట్రాన్ సంగతి తెలిసింది 1897లో, అప్పటికి అది మైనస్ వైపు పడిపోయింది. ఆయన తిరగేసి పెట్టి ఉన్నా మీ లెక్కలో జవాబు ఇదే వచ్చేది. ఎ, సి మైనస్‌లు, బి ప్లస్ అనుకుని చేసి చూడండి.

ఇక రెండు ఆవేశాల గుర్తులని గుణించారు చూడండి, ఆ గుణకారం ఒక్క సంగతే చెబుతుంది. ప్లస్ వస్తే ఇద్దరూ దూరం తోసుకుంటారు, మైనస్ వస్తే దగ్గరికి లాక్కుంటారు. అంతకుమించి దానికేమీ తెలియదు. "దగ్గరికి" అంటే ఎడమకా కుడికా అన్నది ఆ మైనస్‌కి తెలియదమ్మా. మీకు తెలుసు, బొమ్మ మీ కళ్ల ముందుంది కాబట్టి.

మీరు మెట్రో అన్నారు, ఆ లైనే పట్టుకుందాం. ఎ మలక్‌పేట. బి ఎంజీబీఎస్. సి మీరు దిగే ఉస్మానియా మెడికల్ కాలేజీ. దూరాలు మన లెక్కలోవే ఉంచండి, స్టేషన్ల పేర్లు మాత్రం తీసుకుందాం. ఒకవైపు ఎల్బీనగర్, రెండోవైపు మియాపూర్.

మీరు ఎంజీబీఎస్‌లో నిలబడ్డారు. మీ మీద మైనస్ ఉంది. మలక్‌పేటలో ప్లస్, అది మిమ్మల్ని లాగుతుంది. ఎటు? మలక్‌పేట వైపు, అంటే ఎల్బీనగర్ వైపు, 0.6. మెడికల్ కాలేజీలోనూ ప్లస్, అదీ లాగుతుంది. ఎటు? మియాపూర్ వైపు, 2.7. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఆ రెండూ కూడతామా? 2.7లోంచి 0.6 తీసేస్తే 2.1, మియాపూర్ వైపు. మీ గైడులో "సి వైపు" అన్నది ఇదే.

మీరు కూడిన రెండు మైనస్‌లకి అర్థం "లాగుడు, లాగుడు". లాగుడూ లాగుడూ కలిస్తే పెద్ద లాగుడు అనుకున్నారు. ఎవరు ఎటు లాగుతున్నారో అడగలేదు.

కాబట్టి కాలేజీలో చెప్పినదాంట్లో సగం నిజం. యూనిట్ వెక్టర్లు వాడకపోతే సూత్రంలో గుర్తులు వేయొద్దు, నిజమే. కానీ గుర్తులు పారేయమని కాదు. సూత్రం ముట్టుకోకముందే వాటిని బాణాలుగా మార్చేయాలి. నేను క్లాసులో మొదటి వారం కాలిక్యులేటర్ కాదు కదా, సూత్రం కూడా రాయనిచ్చేవాణ్ణి కాదు. బోర్డు మీద చుక్కలు పెట్టేవాణ్ణి, పిల్లలు వచ్చి చాక్‌పీసుతో బాణాలు గీసేవారు. ఏ ఆవేశం మీద బలం అడిగారో దాని చుట్టూ ఒక గుండ్రం. బాణం ఆ గుండ్రంలోంచే బయల్దేరాలి. ఎ, సిల మీద బాణాలు గీస్తే డస్టర్‌తో చెరిపేసేవాణ్ణి, మనల్ని అడిగింది బి గురించి కాబట్టి. ఇంత చేస్తే మిగిలేది కూడికో తీసివేతో, ఐదో తరగతి పని.

దూరం వర్గం దగ్గర ఒక చిన్న మాట. 20 సెంటీమీటర్లు 0.2 మీటర్లు, దాని వర్గం 0.04. చాలామంది 0.4 అని వేస్తారు, జవాబు పదో వంతుకి పడిపోతుంది. మీరు సరిగానే వేశారు. దూరం వర్గం అన్న ఆ సంగతిని 1785లో కూలుంబ్ సన్నని తీగకి అడ్డకడ్డీ వేలాడదీసి, తీగ ఎంత మెలి తిరిగిందో చూసి తేల్చాడు. ఓపికగల మనిషి.

మీకు హోమ్‌వర్క్. ఇవే మూడు ఆవేశాలు. ఎ మీద ఫలిత బలం ఎంత, సి మీద ఎంత? దిశలతో సహా రాయండి. రాశాక, మూడు జవాబులూ ఒకచోట పెట్టి, మీ కొట్లో నెలాఖరున మీరు చేసే పని చేయండి. ఏమొచ్చిందో ఇక్కడ చెప్పండి.

---

బేగంబజార్ పద్దులు (రాత్రి 10:45)

సార్, నమస్కారం. ఆ అబ్బాయికి కూడా థాంక్స్. ఆంటీ అన్నందుకు ఏమీ అనుకోను బాబూ, నీ 90 ట్రిక్ బాగుంది. పాప అప్పుడే నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది.

హోమ్‌వర్క్ సగం మెట్రోలో, సగం కొట్లో చేశాను. ప్రెషర్ కుక్కర్ల బిల్లు వెనకాల.

ఎ మీద: బి లాగుతుంది, మియాపూర్ వైపు 0.6. సి ప్లస్, ఎ కూడా ప్లస్, తోస్తుంది, ఎల్బీనగర్ వైపు. దూరం 50 సెంటీమీటర్లు. 2 ఇంటూ 4 ఇంటూ 90 బై 2500, అంటే 0.288. తీసేస్తే 0.312 మియాపూర్ వైపు.

సి మీద: బి లాగుతుంది, ఎల్బీనగర్ వైపు 2.7. ఎ తోస్తుంది, మియాపూర్ వైపు 0.288. తీసేస్తే 2.412 ఎల్బీనగర్ వైపు.

నెలాఖరు పని అన్నారుగా. మియాపూర్ వైపువి ఒక కాలమ్‌లో, ఎల్బీనగర్ వైపువి ఇంకో కాలమ్‌లో వేశాను. ఈ పక్క 0.312, 2.1, కలిపి 2.412. ఆ పక్క 2.412.

టాలీ అయింది సార్! పైసా తేడా లేకుండా. నేను కొట్లో గట్టిగా నవ్వేస్తే సేటు ఏమైందమ్మా అన్నాడు. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరింది అన్నాను. ఇంత తొందరగానా అన్నాడు.

ఎందుకు టాలీ అయిందో నాకు తోచింది చెబుతాను, తప్పైతే దిద్దండి. ఎ, బిని ఎంత లాగితే బి కూడా ఎని అంతే లాగుతుంది, ఎదురు దిక్కుకి. అంటే ప్రతి జంటకీ రెండు ఎంట్రీలు, ఒకటి డెబిట్, ఒకటి క్రెడిట్. మొత్తం పుస్తకం కూడితే సున్నా రాకేం చేస్తుంది? 3.3 వేసుకున్న రోజున ఈ మూడూ వేసి చూసుకుని ఉంటే తప్పు అక్కడే పట్టుబడేది.

ఇప్పుడు అసలు సంగతి. పాపకి చెప్పాను. విన్నది. వినడమే కాదు, ఎదురు మూడు ప్రశ్నలు వేసింది. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు.

ఒకటి. ఎ సిని తోస్తోంది అన్నాం. మధ్యలో బి అడ్డంగా ఉంది కదా, ఆ తోపుడు సి దాకా ఎలా పోతుంది?

రెండు. ప్లస్ 4, ప్లస్ 1 మైక్రో కూలుంబ్‌లు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, ఇంకో ఆవేశాన్ని ఎక్కడ పెడితే దాని మీద బలం సున్నా అవుతుంది? దీనికి వర్గ సమీకరణం వేస్తే 4 ఉన్న చోటు నుంచి 20 అని ఒకటి, 60 అని ఒకటి, రెండు జవాబులు వచ్చాయి. గైడులో 20 మాత్రమే ఉంది. మరి 60 ఏమైనట్టు?

మూడోది నన్ను చంపేసింది. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే లేస్తాయి కదా. కాగితం మీద ఆవేశం సున్నా. సూత్రంలో సున్నాతో గుణిస్తే బలం సున్నా. మరి కాగితం ఎందుకు లేస్తుందమ్మా అంది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది నాకు.

---

ఉప్పల్ టీచరమ్మ (రాత్రి 11:30)

అక్కా, మూడో ప్రశ్న నాకు వదిలేయండి. సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను, ఈ దువ్వెన నా పొట్టకూడు.

మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. సూత్రం బిందు ఆవేశాలకి. కాగితం ముక్క బిందువు కాదు, దానికో ఈ వైపు, ఓ ఆ వైపు ఉన్నాయి. దాని మీద మొత్తం ఆవేశం సున్నా అంటే అసలేమీ లేదని కాదు. ప్లస్, మైనస్ సమానంగా ఉన్నాయని. మీ భాషలో చెప్పాలంటే, బ్యాంకులో లక్ష ఉండి లక్ష అప్పున్నవాడికీ, అసలు ఖాతానే లేనివాడికీ తేడా లేదూ?

జుట్టుకి రుద్దిన ప్లాస్టిక్ దువ్వెనకి మామూలుగా మైనస్ వస్తుంది. దాన్ని దగ్గరికి తెస్తే కాగితంలోని ఎలక్ట్రాన్లు కొంచెం అవతలికి జరుగుతాయి. కాగితం దాటి ఎక్కడికీ పోవు, ఉన్నచోటే కాస్త పక్కకి ఒదుగుతాయి. దాంతో దువ్వెన వైపు ప్లస్ తేలుతుంది, అవతలి వైపు మైనస్ తేలుతుంది, రెండూ సమానమే. ఇప్పుడు సార్ చెప్పిన బాణాలు గీయండి. దగ్గరి ప్లస్‌ని దువ్వెన లాగుతుంది, దూరపు మైనస్‌ని తోస్తుంది. ఊరికే అనుకుందాం, దగ్గరి వైపు దువ్వెన నుంచి 10 మిల్లీమీటర్లు, దూరపు వైపు 11. వర్గాలు 100, 121. అంటే తోపుడు 100 అయితే లాగుడు 121. ఆ మిగిలిన 21 కాగితాన్ని లేపుతుంది. దూరం వర్గం అన్నది లేకపోతే, అంటే బలం దూరంతో మారకపోతే, కాగితం కదిలేదే కాదు.

కొన్ని ముక్కలు ఎగిరి దువ్వెనకి తగిలి, మళ్లీ టప్పున అవతలికి దూకుతాయి, చూశారా? తగిలినప్పుడు దువ్వెన మైనస్ దానికీ కొంత అంటుకుంటుంది. ఇక రెండూ ఒకే జాతి, తోసుకుంటాయి.

ఇంట్లో చేసి చూపించాలనుకుంటే ఒక్క హెచ్చరిక. ఇప్పుడు వానలు. గాలిలో తేమ ఉంటే దువ్వెన మీద ఆవేశం నిలవదు. మా స్కూల్లో ఇదే ప్రయోగం ఏప్రిల్‌లో చేస్తే ముక్కలు ఈదుకుంటూ వస్తాయి, జూలైలో చేస్తే పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. దువ్వెనని కాసేపు హెయిర్ డ్రయ్యర్ గాలికి ఆరబెట్టండి. ముఖ్యమైనది, తలకి నూనె ఉండకూడదు. నేను మొదటి ఏడు ముందు బెంచీ పిల్లని పిలిచి రెండు జడల మీద రుద్దాను, దువ్వెనకి కొబ్బరినూనె తప్ప ఏమీ రాలేదు.

---

నల్లకుంట రిటైర్డ్ (ఉదయం 5:20)

అమ్మా, టాలీ సంగతి మీరు చెప్పింది అక్షరాలా కరెక్టు. న్యూటన్ మూడో నియమం అది. ముప్పై నాలుగేళ్లు నేను "చర్య, ప్రతిచర్య" అని చెప్పాను, డెబిట్ క్రెడిట్ అని చెప్పాలని తట్టలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, లెక్కలోని ఆవేశాలన్నిటి మీదా బలాలు వేస్తేనే టాలీ అవుతుంది. ఒకదాన్ని వదిలేస్తే ఒక కాలమ్ పోయినట్టే.

టీచరమ్మ గారూ, నూనె జడలు నాకూ అనుభవమే. పట్టుబట్ట మాత్రం ఇంట్లో అడిగితే ఇవ్వరు.

పాప మొదటి ప్రశ్న: అడ్డం. బి అడ్డుపడదు. ఎకీ సికీ మధ్య బలం ఎంతో లెక్కకట్టేటప్పుడు బి అక్కడ లేనట్టే. బికి, సికి మధ్య లెక్కలో ఎ లేనట్టే. ఆఖరున బాణాలన్నీ కలపడమే. దీన్నే పుస్తకంలో అధ్యారోపణ సూత్రం అని గంభీరంగా రాస్తారు. మీ కొట్లో ఇద్దరి ఖాతా రాసేటప్పుడు మూడోవాడి ఖాతా చూస్తారా?

రెండో ప్రశ్న, 60. దీనికోసం రాత్రే రాయాలనుకున్నాను, కళ్లు సహకరించలేదు. పిల్లలు రెండో జవాబుని "నాట్ పాజిబుల్" అని కొట్టేసి ముందుకు పోతారు. మీ అమ్మాయి ఆగి అడిగింది, అందుకు చాలా సంతోషం.

సమీకరణం ఏమడిగిందో చూడండి. 4 వల్ల కలిగే బలమూ, 1 వల్ల కలిగే బలమూ సమానంగా ఉండే చోటేది అని అడిగింది. దిశ అడగలేదు, వర్గం చేశాం కాబట్టి దిశ పోయింది. సమానంగా ఉండే చోట్లు రెండున్నాయి. 20 దగ్గర: 4 నుంచి 20, 1 నుంచి 10. దూరం రెట్టింపు, వర్గం నాలుగింతలు, ఆవేశం నాలుగింతలు, సరిపోయింది. 60 దగ్గర: 4 నుంచి 60, 1 నుంచి 30. మళ్లీ రెట్టింపే, మళ్లీ సరిపోయింది.

ఇప్పుడు బాణాలు. అక్కడ పెట్టే ఆవేశం ప్లస్ అనుకోండి. 20 రెండింటి మధ్యలో ఉంది. ఒకటి ఇటు తోస్తుంది, ఒకటి అటు తోస్తుంది, సున్నా. 60 రెండింటికీ బయట ఉంది. రెండూ ఒకే వైపుకి తోస్తాయి, కలిసిపోతాయి. సమానమే, కానీ సున్నా కాదు. అందుకే గైడువాడు వదిలేశాడు, ఎందుకో చెప్పకుండా.

ఇంతటితో అయిపోలేదు. ప్లస్ 1 ఉన్నచోట మైనస్ 1 పెట్టి అదే లెక్క చేయమనండి. సమీకరణం మారదు, అవే 20, 60 వస్తాయి. బాణాలు మాత్రం తిరగబడతాయి. మధ్యలో, 20 దగ్గర, ఒకటి తోస్తుంది, ఒకటి లాగుతుంది, రెండూ ఒకే వైపుకి. బయట, 60 దగ్గర, ఒకటి తోస్తుంది, ఒకటి వెనక్కి లాగుతుంది, సున్నా. ఇక్కడ పారేసిన జవాబు అక్కడ అసలు జవాబు. రెండు లెక్కలూ పక్కపక్కన ఒకే పేజీలో చేయించండి.

బలం సున్నా అయ్యే బిందువు ఎప్పుడూ చిన్న ఆవేశానికి దగ్గరగానే పడుతుందని కూడా ఆ పేజీలో దానికే కనిపిస్తుంది. మీరు చెప్పకండి.

---

నిద్రలేని బీటెక్ (ఉదయం 9:10)

సార్, నేను ఫోర్త్ ఇయర్ ట్రిపుల్‌ఈ. 60 ఎందుకు తీసేస్తామో ఇవాళే తెలిసింది. ఎవరికీ చెప్పకండి.

ఆంటీ, మీకు పనికొచ్చే అంకె ఒకటి. 2 మైక్రో కూలుంబ్‌లు అంటే చిన్నదిలా ఉంది కదా. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 ఇంటూ 10⁻¹⁹ కూలుంబ్‌లు. భాగిస్తే పన్నెండున్నర లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు. అన్ని తక్కువైతే ఎ మీద ప్లస్ 2 వస్తుంది.

---

బేగంబజార్ పద్దులు (రాత్రి 9:55)

బాబూ, పన్నెండున్నర లక్షల కోట్లు ఏ కాలమ్‌లో పడతాయో ముందు అది చెప్పు.

సార్, రెండు లెక్కలూ ఒకే పేజీలో చేయించాను. మైనస్ 1 పెట్టిన లెక్కలో అది ముందు బాణాలే గీసింది, సమీకరణం తర్వాత రాసింది. నేను చెప్పలేదు. 60 దగ్గర పెన్ను ఆపి కాసేపు చూసి, "ఇది నిన్న కొట్టేసిందే కదా" అంది. చిన్న ఆవేశం దగ్గరే పడుతుంది అని కూడా తనే అంది, నేను పప్పు వడ్డిస్తూ వినీవిననట్టు ఉన్నాను.

దువ్వెన ప్రయోగం జరగలేదు. ఇవాళ శనివారం, తలకి నేనే నూనె పెట్టాను.

తర్వాతి లెక్క చూశాం. సమబాహు త్రిభుజం, మూడు మూలల్లో మూడు సమానమైన ప్లస్ ఆవేశాలు, ఒక మూల మీద బలం ఎంత అని. మియాపూర్, ఎల్బీనగర్ వేసి చూశాం. కుదరట్లేదు.

---

నల్లకుంట రిటైర్డ్ (ఉదయం 5:15)

కుదరదమ్మా. అక్కడ రెండు బాణాలూ ఒకే లైను మీద లేవు, మధ్యలో 60 డిగ్రీలుంది. కూడినా తప్పే, తీసేసినా తప్పే. ఒక స్కేలు, ఒక కోణమానిని, తెల్లకాగితం తీసుకోండి. రెండు బలాలూ చెరి పది న్యూటన్లు అనుకోండి, పది న్యూటన్లకి పది సెంటీమీటర్ల బాణం. మొదటి బాణం కొస దగ్గర రెండోది మొదలుపెట్టి, రెండోదాని వాలు మారకుండా గీయించండి. మొదటిదాని మొదలు నుంచి రెండోదాని కొస దాకా స్కేలు పెట్టి కొలవండి. 17.3 సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తే సరిగ్గా గీసినట్టు. ఎందుకు 17.3 అని అది అడిగేదాకా సూత్రం చూపించకండి. ఆదివారం కదా, నేను సాయంత్రం చూస్తాను.